ఏప్రిల్ దాకా నిద్రపో బండీ!

మిన్నెసోటాలో కార్ల నంబరు ప్లేటు మీద '10,000 సరస్సులు' అని రాసి ఉంటుంది. అసలు లెక్క 11,842. వాటిలో నాకు బాగా దగ్గరైంది మిన్నెటోంకా. మినియాపొలిస్ నుంచి పడమరకి కారులో అరగంట. వంపులు తిరుగుతూ 125 మైళ్ల ఒడ్డు.

నేనూ, మా రూమ్మేటూ కలిసి పాత జెట్ స్కీ ఒకటి కొన్నాం. నీళ్ల మీద నడిచే బైకు అనుకోండి. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురే. ఆఫీసు అవ్వగానే నీళ్లలోకి. సూర్యాస్తమయానికి గంట ముందే ఆపెయ్యాలని రూలు.

మేపుల్ ఆకులు ఎర్రబడ్డాయంటే ఆట ముగిసినట్టే. డిసెంబర్‌కల్లా సరస్సు గడ్డకట్టేస్తుంది. దాని మీద గుడిసెలు పెట్టి, మంచుకి కన్నం వేసి చేపలు పడతారు. సరస్సు మీద కార్లు తిరుగుతుంటే తెనాలి వాణ్ని నాకు మొదట కాళ్లు వణికాయి.

పోయిన ఏడాది మేం బండికి కవర్ కప్పి ఊరుకున్నాం. మా బండి సరస్సు నీళ్లనే లోపలికి లాగి ఇంజిన్‌ని చల్లబరుచుకునే రకం. పైపుల్లో మిగిలిన నీళ్లు చలికి గడ్డకట్టాయి. నీళ్లు మంచైతే 9 శాతం దాకా ఉబ్బుతాయి కదా. ఇనుమైనా పగలాల్సిందే. వసంతంలో చూస్తే పగులు. సగం వేసవి రిపేరు షాపులోనే పోయింది.

అందుకే ఈసారి పద్ధతిగా చేశాం. ర్యాంపు మీదే ప్లగ్గులు తీసి నీళ్లు కార్చాం. అది ఇక్కడి చట్టం కూడా. జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పాకకూడదని.

తర్వాత ట్యాంకు నిండా పెట్రోలు, అందులో పాడవకుండా స్టెబిలైజర్. సీనియర్ అన్న ఇంటి ముందు గొట్టం తగిలించి మంచినీళ్లతో కడిగాం. ఇక్కడ వరస ముఖ్యం. ముందు ఇంజిన్ స్టార్ట్, తర్వాత పంపు. ఆపేటప్పుడు ముందు పంపు, తర్వాత ఇంజిన్. తిరగేస్తే నీళ్లు ఇంజిన్లోకి పోతాయి. ఆ తర్వాత గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పట్టించాం, వెనక నుంచి గులాబీ రంగు కారేదాకా. స్పార్క్ ప్లగ్గులు విప్పి, తుప్పు పట్టకుండా లోపల నూనె స్ప్రే. బ్యాటరీ విప్పి ఇంట్లోకి.

ఇదంతా వీడియో కాల్‌లో చూస్తున్న అమ్మ, "ఆవకాయ జాడీకి కూడా ఇంత మడి కట్టుకోను కదరా!" అంది.

నవ్వాను గానీ, నిజమే. రెండింటికీ శత్రువు ఒకటే, లోపల మిగిలిన తడి. ఎంత బాగా మూత పెట్టినా, కంటికి కనపడని ఆ కాస్త చాలు.

"అయినా మళ్లీ ఎప్పుడు తీస్తారు?" అని అడిగింది అమ్మ.

"ఏప్రిల్" అన్నాను ఠక్కున. అన్నాక గొంతులో ఏదో అడ్డం పడింది. మా టీమ్‌లో ఆ నెలే ముగ్గుర్ని తీసేశారు. నా వీసా పొడిగింపు ఇంకా రాలేదు. ఉద్యోగం పోతే 60 రోజులు. ఆలోపు ఇంకో ఉద్యోగమో, ఇంకో వీసానో, లేదంటే ఇంటికి టికెట్టో. అమ్మకి ఇవేవీ చెప్పలేదు.

"ఉంటామో లేదో తెలీకుండా ఎందుకురా ఇంత కష్టం?" అన్నాను ఫోన్ పెట్టేశాక.

మా రూమ్మేట్ వరంగల్ వాడు. చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "నువ్వు లేకుంటె నేను నడుపుత. నేను లేకుంటె ఇంకెవడన్న నడుపుతడు. బండి మంచిగుండాలె గద!" అన్నాడు.

ఎలుకలు దూరకుండా సైలెన్సర్ గొట్టంలో గుడ్డ కుక్కాం. అది తియ్యకుండా స్టార్ట్ చేస్తే మొదటికే మోసం. అందుకని చీటీ రాసి హ్యాండిల్‌కి కట్టాను: "ముందు గుడ్డ తియ్యి. ప్లగ్గులు బిగించు. బ్యాటరీ ఇంట్లో ఉంది."

తెలుగులో రాశాను. ఒక్క నిమిషం ఆగి, కింద ఇంగ్లీషులో కూడా రాశాను.