సీ గీత పడిందా?

నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్న. మాది భద్రాచలం దాటి, చర్ల రోడ్డు నుంచి లోపలికి పోవాల్సిన ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేనే.

పోయిన నెల నాకు ఇచ్చిన సెమినార్ టాపిక్: హిస్టోన్ల మీది గుర్తుల్ని యాంటీబాడీలతో కనిపెట్టడం. ఒక్క ముక్క అర్థం కాలేదు. మార్చమని అడుగుదాం అనుకున్న. అంతలో పుస్తకంలో సికిల్‌సెల్ అనే మాట కనపడ్డది. మా చెల్లెకు ఉన్నది అదే. ఇక కూర్చుని చదివిన.

సికిల్‌సెల్ ఉన్న బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటది. తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఇంకా ఒంట్లో ఉంటది కాబట్టి. కొన్ని నెలలకు ఆ జీన్ దాదాపు మూతపడతది, నొప్పులు మొదలైతయ్. జీన్ ఎక్కడికీ పోలేదు, మూతపడ్డది అంతే.

మూత ఎట్లా పడతది? ఒక్క కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్ఏ, హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటది. హిస్టోన్ తోక మీద ఎసిటైల్ గుర్తు ఉంటే చుట్ట వదులై జీన్ పనిచేస్తది. కొన్ని చోట్ల మిథైల్ గుర్తు ఉంటే బిగుసుకుంటది. ఏ గుర్తు ఎక్కడుందో పట్టడానికి యాంటీబాడీ వాడతరు.

ఇక్కడ నాకు మా ఊరి మలేరియా కార్డు గుర్తొచ్చింది. అందులోనూ యాంటీబాడీలే. మలేరియా క్రిమి ప్రోటీన్‌ని పట్టుకుంటే గీత పడతది. ఒకసారి సీ అనే కంట్రోల్ గీత పడకపోతే ఆశా అక్క కార్డు పారేసి ఇంకోటి తీసింది. "సీ గీత లేకపోతే కార్డు ఏం చెప్పినా లెక్క కాదు తమ్ముడూ" అన్నది.

ల్యాబులోనూ అంతే. హెచ్3 అనే హిస్టోన్ తోకలో 9వ చోట, 27వ చోట లైసిన్లు ఉంటయ్. రెండు చోట్లా వరుస ఒకటే: అలనిన్, ఆర్జినిన్, లైసిన్, సెరిన్. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు పిల్లల్ని హాజరులో కలిపేసినట్టు, యాంటీబాడీ ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవచ్చు. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో ఇట్లాంటి 200కు పైగా యాంటీబాడీలను పరీక్షిస్తే, నాలుగో వంతుకు పైగా తప్పినయ్. అందుకే ముందు గుర్తున్న ముక్క, గుర్తు లేని ముక్క, వేరే చోట గుర్తున్న ముక్క పక్కపక్కన పెట్టి చూడాలె. అదే దాని సీ గీత.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా పెద్దనాన్న కూతురికి క్యాంపులో సికిల్ టెస్టు పాజిటివ్ అన్నరు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ సాల్యుబిలిటీ టెస్టు జబ్బున్నవాళ్ళకీ పాజిటివే, ఉత్త క్యారియర్లకీ పాజిటివే. తర్వాత హెచ్‌పీఎల్‌సీ చేస్తే అక్క క్యారియర్ మాత్రమే అని తేలింది. అప్పటికే ఊరంతా పాకింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రిపోర్టు చేతికిస్తే ఏం వచ్చిందని మాత్రమే అడగకండి. ఏ టెస్టు చేసిన్రు, ఇంకో టెస్టుతో సరిచూసిన్రా అని కూడా అడగండి. అది అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. మా ఆశా అక్క చదివింది పదో తరగతే.