నాన్న చెప్పిన శక్తిమాన్

ఈసారి సంచికకి "మరిచిపోలేని టీవీ కార్యక్రమం" మీద రాయమని మా తెలుగు టీచరు చెప్పారు. మా పదో తరగతిలో చాలామంది ఛోటా భీమ్ అన్నారు. ఒకరిద్దరు డోరేమాన్ అన్నారు. నేను శక్తిమాన్ అన్నాను. అందరూ నవ్వారు. "అది నువ్వు పుట్టకముందే అయిపోయింది కదే" అని నా పక్కన కూర్చునే స్నేహితురాలు అంది. నిజమే. అది మా నాన్న చిన్నప్పటి సీరియల్. కానీ మా ఇంట్లోకి అది రెండుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు నేనూ ఉన్నాను.

తెలియని తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ముందు శక్తిమాన్ ఎవరో చెబుతాను. ఈ సీరియల్ దూరదర్శన్‌లో 1997 సెప్టెంబరు 13న మొదలైంది. ఆ రోజు శనివారం. శక్తిమాన్‌గా వేసింది ముఖేశ్ ఖన్నా. బి.ఆర్. చోప్రా మహాభారతంలో భీష్ముడు కూడా ఆయనే. ఈ సీరియల్‌లో ఆయనకి రెండు వేషాలు. ఒకటి పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. ఆ పేరు మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పడం మా నాన్నకి ఇప్పటికీ వచ్చు. పెద్ద కళ్ళజోడు, ముందుకు పొడుచుకొచ్చిన పళ్ళు, పత్రికలో ఫొటోలు తీసే ఉద్యోగం. అందరూ అతన్ని చూసి నవ్వుతారు. ఎవరికైనా ఆపద వస్తే మాత్రం అతనే గిర్రున తిరిగి శక్తిమాన్ అయిపోతాడు. ఎర్రటి బట్టలు, ఛాతీ మీద బంగారు రంగు చక్రం. యోగాభ్యాసంతో, పంచభూతాల నుంచి అతనికి శక్తులు వచ్చాయి. అతని శత్రువు తామ్‌రాజ్ కిల్విష్. లోకంలో ఎప్పటికీ చీకటే ఉండాలని వాడి కోరిక. కథ అయిపోయాక చివర్లో శక్తిమాన్ పిల్లలకి మంచి అలవాట్లు చెబుతాడు. తప్పు చేసిన పిల్లలు "సారీ శక్తిమాన్" అంటారు. ఇలా 2005 వరకు నడిచింది.

ఇక మా ఇంటి సంగతి. మాది సోలాపూర్. నేత పని కోసం మా ముత్తాత తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చారు. మా గల్లీలో అప్పుడూ ఇప్పుడూ సాంచాలే. అంటే కరెంటు మగ్గాలు. దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తారు. తాత సాంచాల మీద పనిచేసేవారు. నానమ్మ పెళ్ళికి ముందు కండెలు చుట్టేది, తర్వాత బీడీలు చేసింది.

1997లో నాన్నకి పన్నెండేళ్ళు, ఏడో తరగతి. నేను చదువుతున్న ఈ బడిలోనే చదివారు. అప్పుడు గల్లీ మొత్తానికి టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. అది కూడా బ్లాక్ అండ్ వైట్. శక్తిమాన్ బట్టలు ఎర్రగా ఉంటాయని అంగట్లో అమ్మే స్టిక్కర్లు చూశాకే నాన్నకి తెలిసిందట. గాలి వస్తే యాంటెనా తిరిగిపోయేది. ఒకరు మేడ మీదికెక్కి తిప్పుతుంటే కింద నుంచి పిల్లలంతా "రాలే, ఇంక రాలే, ఆ వచ్చింది, మళ్ళ పోయింది" అని అరిచేవాళ్ళట.

మాకు శనివారం పొద్దుటి బడి. ఆ రోజుల్లో కూడా అంతే. బడి వదలడానికీ శక్తిమాన్ మొదలవడానికీ ఎప్పుడూ పోటీయే. ఒకసారి సార్ బోర్డు మీద లెక్క రాస్తుంటే నాన్న, ఇంకో ఇద్దరు వెనక నుంచి జారుకున్నారట. సోమవారం సార్ ముగ్గురినీ నిలబెట్టారు.

"ఎక్కడికి పోయిన్రురా?"

"శక్తిమాన్ చూడనీకి సార్."

"సరే. చూసింది చెప్పున్రి. అందరు వింటరు."

మిగతా ఇద్దరూ నోరు విప్పలేదు. నాన్న మాత్రం గంట కొట్టేదాకా చెప్పారట. చివర్లో సార్ నవ్వి, "లెక్కలు గూడ గిట్లనే చెప్పురా" అన్నారట. నాన్న ఈ సంగతి మాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటారు. చెప్పిన ప్రతిసారీ గంట కొట్టడం కాస్త ఆలస్యం అవుతుంటుంది.

శనివారం ఆ వేళకి ఆ టీవీ ఇల్లు నిండిపోయేది. ముందు పిల్లలు. వెనక గోడకి ఆనుకుని, ఒళ్ళో చాటలు పెట్టుకుని ఆడవాళ్ళు. కళ్ళు టీవీ మీద ఉన్నా చేతులు ఆగేవి కావు. ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. వెయ్యి బీడీలు అయితేనే ఆ రోజు లెక్క పూర్తి.

ఒకటే ఇబ్బంది. ఆ ఇంటి పక్కనే సాంచాల షెడ్డు. టకటక టకటక అని ఒకటే మోత. బొమ్మ కనిపించేది కానీ మాట వినిపించేది కాదు. పైగా హిందీ. నానమ్మకి బజారులో బేరం చేసేంత మరాఠీ వచ్చు, హిందీ అంతంత మాత్రం. సాంచాల దగ్గర పనిచేసి పనిచేసి చెవులు కూడా అప్పటికే మందగించాయి. అందుకని నాన్న ఆమె పక్కన కూర్చుని, చెవి దగ్గర గట్టిగా తెలుగులో కథ చెప్పేవారు. కొన్నాళ్ళకి మిగతా ఆడవాళ్ళు కూడా "జర మాకు గూడ చెప్పురా" అని దగ్గరికి జరిగేవాళ్ళట. కిల్విష్‌కి నానమ్మ "చీకటోడు" అని పేరు పెట్టింది. ఇప్పటికీ మా ఇంట్లో కరెంటు పోతే "చీకటోడు వచ్చిండు" అంటాం.

తర్వాత శక్తిమాన్ ఆదివారం పగలు పన్నెండు గంటలకి మారింది. ఇక బడి ఎగ్గొట్టే పని లేదు. నాన్న ఎప్పుడు చెప్పినా కథ ఇక్కడే ఆపేసేవారు. ఆ తర్వాత ఏమైందని నేనూ ఎప్పుడూ అడగలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నేను అప్పుడు ఐదో తరగతి. సాంచాలన్నీ ఆగిపోయాయి. నేను పుట్టినప్పటి నుంచి మా గల్లీ అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఆ మోత లేక మొదటి రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. నాన్నకి వారం వారం వచ్చే కూలి ఆగిపోయింది. బీడీ కార్ఖానాలు కూడా మూతపడ్డాయి. నానమ్మ ఖాళీ చాట గోడకి ఆనించి పెట్టి, దాని వైపే చూస్తూ కూర్చునేది. అమ్మ బియ్యం డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసేది. నాన్న ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

అప్పుడే దూరదర్శన్ వాళ్ళు పాత సీరియళ్ళు మళ్ళీ వేయడం మొదలుపెట్టారు. మొదట రామాయణం, మహాభారతం. ఏప్రిల్‌లో శక్తిమాన్ కూడా వేశారు. టీవీలో ఆ గిర్రున తిరగడం కనిపించగానే నాన్న లేచి నిలబడ్డారు. "అమ్మా! ఇటు రా, ఇటు రా! గంగాధర్ వచ్చిండు!" అని పిలిచారు. వారం రోజుల తర్వాత అదే ఆయన గట్టిగా మాట్లాడటం.

నానమ్మ వచ్చి నాన్న పక్కన కూర్చుంది. నేను ఇంకో పక్కన. నిజం చెప్పాలంటే నాకు మొదట నవ్వొచ్చింది. ఎగిరేటప్పుడు అతన్ని వెనక బొమ్మ మీద అతికించినట్టు తెలిసిపోతూనే ఉంది. కానీ నాన్న ముఖం చూసి నవ్వు ఆపుకున్నాను. నాన్న నానమ్మ చెవి దగ్గరికి వంగి మళ్ళీ తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. అలా రోజూ మధ్యాహ్నం కూర్చునేవాళ్ళం.

మూడు నాలుగు రోజులు గడిచాక నానమ్మ ఉన్నట్టుండి అడిగింది: "గంగాధరం వాళ్ళమ్మ ఇంక రాలేదేందిరా?"

నాన్న ఏమీ అనలేదు.

నేనే అన్నాను: "ఇండ్ల వాళ్ళమ్మ ఎవ్వరు లేరు కదా నానమ్మా. ఒక్కరోజన్నా రాలే."

"ఎందుకు లేదు? బీడీలు చేస్తది కదా. రోజు డబ్బ కట్టిస్తది. వీడు ఎగిరిపోయి అందర్ని కాపాడి, మల్ల ఇంటికొచ్చి ఆమెకు ఆకు కత్తిరించి ఇస్తడు."

నేను నాన్న వైపు చూశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి నెమ్మదిగా చెప్పారు. ఏడో తరగతిలో తనకీ హిందీ సరిగా రాదు. సాంచాల మోతలో మాటలు అసలే వినబడవు. అందరూ "ఏమంటుండు, ఏమంటుండు" అని అడిగేసరికి తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. బొమ్మ చూసి నోటికొచ్చింది చెప్పేశారు. గంగాధర్‌కి అమ్మని కూడా తనే పెట్టారు.

నానమ్మకి కోపం వస్తుందనుకున్నాను. నానమ్మ పళ్ళు లేని నోటితో గట్టిగా నవ్వింది.

"నాకప్పుడే ఎర్కరా. ఊరందర్ని కాపాడేటోడు రోజు ఇంటికొచ్చి బీడాకు కత్తిరిస్తడా?"

"మరి అప్పుడే అడగకపోయినవ్?"

"అడిగితే చెప్పుడు బంద్ చేస్తవని."

తర్వాత నవ్వు ఆపి, టీవీ వైపు చూస్తూ నానమ్మ ఇంకో మాట అంది. "అడగకున్నా బంద్ చేస్తివి. సాంచా మీదికి పంపినంక నువ్వు మల్ల ఒక్క కథ చెప్పలే."

నాన్న ఎప్పుడూ చెప్పని మిగతా కథ నాకు అప్పుడు తెలిసింది. నాన్న తొమ్మిదో తరగతిలో ఉండగా తాతకి దగ్గు ఎక్కువై పనికి పోలేకపోయారు. నానమ్మ బీడీల మీద ఇల్లు నడవలేదు. పద్నాలుగేళ్ళకి నాన్న సాంచా మీదికి వెళ్ళారు. శక్తిమాన్ ఆదివారానికి మారింది కాబట్టి పిల్లలెవరికీ బడి పోయే పని లేదు. మా నాన్నకి మాత్రం పోవడానికి బడే లేదు. ఆదివారం పన్నెండు గంటలకి పక్కింట్లో టీవీ మోగుతుంటే ఆయన నిద్రపోతూ ఉండేవారట. నానమ్మ లేపేది కాదట. "రాత్రంత నిలవడి వచ్చిన పోరడు, ఎట్ల లేపుత?" అంది.

ఆ రోజు ఇంకెవరూ ఏమీ మాట్లాడలేదు. టీవీలో శక్తిమాన్ ఎవరో అబ్బాయికి ఏదో మంచి మాట చెబుతున్నాడు. నాన్న మళ్ళీ నానమ్మ చెవి దగ్గరికి వంగి, "వాళ్ళమ్మ రేపు వస్తదట" అన్నారు. మర్నాడు నిజంగానే నాన్న కథలోకి ఆమె వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. హిందీ బాగా వచ్చిన నేను కూడా టీవీ మాటలు వదిలేసి నాన్న చెప్పేదే వినడం మొదలుపెట్టాను. అది నిజంగా బాగుండేది. బియ్యం డబ్బాలో అప్పుడు ఎన్ని బియ్యం ఉన్నాయో నాకు గుర్తు లేదు. గంగాధర్ వాళ్ళమ్మ మాత్రం బాగా గుర్తుంది.

తర్వాత సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. నాన్న పనికి వెళ్ళారు. ఎనిమిదో తరగతికి వచ్చినప్పుడు నన్ను ఇంగ్లీషు మీడియంలో వేయమని చుట్టాలు చెప్పారు. నాన్న ఆలోచనలో పడ్డారు. "అండ్ల సదివితే నాకు తెలుగుల ఎవరు చెప్తరు?" అంది నానమ్మ. ఆ ఒక్క మాటకే నేను ఇక్కడ ఉండిపోయానని చెప్పను. ఫీజు సంగతి కూడా ఉంది. కానీ నానమ్మ మాట నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు నాకు పదిహేనేళ్ళు. నాన్న బడి మానేసిన వయసు దాటి ఒక ఏడాది అయింది. త్వరలో పదో తరగతి బోర్డు పరీక్షలు. మా ఇంట్లో ఆ పరీక్ష రాసేవాళ్ళలో నేనే మొదటిదాన్ని. నాన్న ఆ మాట ఎప్పుడూ అనరు. రాత్రి పని లేని రోజు నేను చదువుతుంటే టీవీ ఆపేసి ఊరికే పక్కన కూర్చుంటారు, అంతే.

శనివారం పొద్దుటి బడి వదలగానే ఇంటికి వస్తాను. నానమ్మకి ఇప్పుడు చెవులు ఇంకా తగ్గాయి, కళ్ళు కూడా మసక. ఆమె పక్కన కూర్చుని, చెవి దగ్గర గట్టిగా ఆ రోజు పాఠాలు చెబుతాను. దవాఖాన నుంచి, బ్యాంకు నుంచి మరాఠీలో కాగితాలు వస్తే తెలుగులో చదివి చెబుతాను. "ఉన్నదే చెప్తున్నవా, మీ నాయన లెక్క కల్పిస్తున్నవా?" అని ప్రతిసారీ అడుగుతుంది. కాగితాల్లో ఉన్నది ఉన్నట్టే చెబుతాను. చరిత్ర పాఠంలో మాత్రం అప్పుడప్పుడు, పుస్తకంలో ఎక్కడా లేని ఒక అమ్మని చేరుస్తాను. రాజు యుద్ధం నుంచి తిరిగి రాగానే ఆమె అన్నం పెడుతుంది.

నానమ్మ కనిపెట్టిందో లేదో నాకు తెలియదు. ఇంతవరకు అడగలేదు.