మీ విమానాలు

మాది నూజివీడు. మామిడి తోటలు గుత్తకు పట్టే కుటుంబం. చెట్లు మావి కావు. పూత నిలిస్తే కాయ మాది, రాలితే అప్పు మాది.

1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద బాంబులు వేశాయి. ఆ వార్త రేడియోలో విన్నాక, బళ్లో పక్కన కూర్చునే కుర్రాడు అడిగాడు. "ఏరా, మీ విమానాలు వచ్చాయటగా?" పఠాన్‌కోట్ ఎక్కడుందో నాకు తెలీదు. 'మీ' అన్న మాట మాత్రం తగిలింది. మొన్నటి వేసవిలో వాడూ నేనూ కలిసే చిన్నరసాలు దొంగిలించాం.

ఇంటికొచ్చి దాదాకి చెప్పుకుని ఏడ్చాను. దాదా గన్నవరం సంగతి ఎత్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అది మిలిటరీ స్థావరం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ భయం రోజుల్లో దాదా ఎడ్లబండి కట్టుకుని, ఆగిరిపల్లి మీదుగా గన్నవరం పనికి కంకర తోలాడట.

"ఎడ్లు గట్టివేనా అని అడిగార్రా. నువ్వెవరి వైపని ఎవడూ అడగలేదు" అన్నాడు.

పెద్దయ్యాక నాకో పేరు దొరికింది. ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923లో హైదరాబాదులో పుట్టారు. యుద్ధంలో బర్మా రంగాన విమానం నడిపారు. 1947లో తోటి ముస్లిం అధికారులు పాకిస్తాన్‌కు వెళ్తూ రమ్మన్నా వెళ్లలేదు. 1978లో భారత వైమానిక దళాధిపతి అయ్యారు. ఎవరేమన్నా ఆ పేరు తీసి చూపించేవాణ్ణి, రేషన్ కార్డు చూపించినట్టు. ఆయన మీద గౌరవం ఇప్పటికీ ఉంది. కానీ నా ఊళ్లో నేను బతకడానికి ఓ దళాధిపతి పూచీ దేనికి? కంకర తోలిన దాదా చాలడా?

2016 జనవరి 2న పఠాన్‌కోట్ స్థావరం మీద ఉగ్రవాదులు దాడి చేశారు. ఆ వారం పురుగుమందుల కొట్టు దగ్గర ఇరవై ఏళ్లుగా ఎరిగిన వ్యాపారి పలకరించాడు. "ఏం భాయ్, పఠాన్‌కోట్ గురించి మీవాళ్లేమంటున్నారు?"

లతీఫ్ పేరు నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"మావాళ్లా? ఈ ఏడు పూతకి తేనెమంచు పురుగు ఎక్కువగా ఉందంటున్నారు" అన్నాను. అతను నవ్వేశాడు. మందు డబ్బా తీసుకుని వచ్చేశాను.

ఆ దాడిలో ఏడుగురు భద్రతా సిబ్బంది చనిపోయారు. టీవీలో శవపేటికలు చూసిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు. అతను అడిగాక చెబితే, నా దుఃఖం సంజాయిషీ అయిపోతుంది.