చేప సారం ఎక్కడుంది?

చేపను ఉడికిస్తే సారమంతా నీళ్ళలోకి దిగిపోతుందన్న నమ్మకం మా కొల్లేటి పల్లెల్లో ఎంత గట్టిదో, నేను ఎంబీబీఎస్ చదువుకున్న చైనాలోని హూబే రాష్ట్రంలోనూ అంతే గట్టిది. అక్కడా చెరువులూ సరస్సులే, ఇక్కడా అంతే. వుహాన్‌లో బిడ్డ పుట్టిన ఇంట్లో నెల తిరిగేదాకా బాలింతకు పాలలా తెల్లగా ఉండే చేప సూపు కాచి ఇస్తారు. మన దగ్గర పాలసొర, కొరమీను వండిపెడతారు. తింటే పాలు పడతాయన్న మాట రెండుచోట్లా ఒకటే.

ఆ తెల్ల సూపంటే నాకు చాలా ఇష్టం, ఇప్పటికీ ఇంట్లో కాస్తాను. వాళ్ళు అరచెయ్యంత ఉండే, మన బొచ్చె, శీలావతుల కుటుంబానికే చెందిన ముళ్ళ చేప వాడతారు. మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి ముళ్ళు తక్కువని కొరమీను తెస్తాను. పొలుసు, మొప్పలు, కడుపులోవి తీసి, ఉప్పూ పసుపూ వేసి రుద్ది కడిగాక గుడ్డతో తడి లేకుండా అద్దాలి. తడి ఉంటే చేప మూకుడుకి అంటుకుని చర్మం ఊడిపోతుంది. అల్లం ముక్కలు వేసిన నూనెలో రెండువైపులా ఎర్రగా వేగనిచ్చి, పక్క పొయ్యి మీద సలసలా మరుగుతున్న నీళ్ళు ఒక్కసారిగా పొయ్యాలి. ఇక మంట తగ్గించకూడదు. పావుగంట పెద్ద మంట మీద కుతకుతలాడితే నీళ్ళు తెల్లబడతాయి. ఉప్పు, మిరియాల పొడి దించేముందు. వాళ్ళు టోఫూ ముక్కలూ వేస్తారు.

ఆ తెలుపు పాలదీ కాదు, కాల్షియందీ కాదు. చేప కొవ్వూ వేయించిన నూనే ఆ మరుగుడుకి కంటికి కనపడనంత చిన్న బొట్లుగా విడిపోతాయి. తలకాయ, చర్మం, ముళ్ళ నుంచి దిగిన జిగురు వాటిని మళ్ళీ కలవనివ్వదు. ఆ బొట్ల మీద పడిన వెలుతురు చెదరడం వల్ల సూపు తెల్లగా కనిపిస్తుంది. ముల్లులోని కాల్షియం మాత్రం చాలావరకు ముల్లులోనే ఉండిపోతుంది, నీళ్ళలోకి వచ్చేది నామమాత్రం. జిప్సంతో విరిచిన టోఫూ వేస్తే అందులో కాల్షియం ఉంటుంది. మనకైతే ముల్లుతో సహా నమిలి తినే మెత్తళ్ళు, చిన్న పరిగెలు ఉండనే ఉన్నాయి. మాంసకృత్తుల సంగతీ ఇంతే. నూరు గ్రాముల చేప కండలో 16 నుంచి 20 గ్రాముల దాకా ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం ముక్కను వదిలి రాదు.

ఇదంతా ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఒక బాలింత. కాన్పయి నెల దాటింది, బిడ్డ బరువు పెరగడం లేదని తీసుకొచ్చారు. తల్లి కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 8 కూడా లేదు. "రోజూ చేప పెడుతున్నామండీ డాక్టరుగారూ" అంది అత్తగారు. ఏం తిన్నావమ్మా అని ఆ పిల్లని అడిగితే, తలొంచుకుని "నీళ్ళన్నమండీ" అంది. ముక్కలు మగవాళ్ళ కంచాల్లోకి వెళ్ళాయి. పచ్చి బాలింతకు ముక్క అరగదట, సారం నీళ్ళలోనే ఉందట. అత్తగారిది చెడ్డబుద్ధి కాదు, తన బాలింత రోజుల్లో తనకి పెట్టిందే కోడలికి పెట్టింది. అయినా నాకు కడుపు మండింది. ఇంటిల్లిపాదిలో ఆ చేప అవసరం ఎక్కువున్న మనిషికే చేప దక్కలేదు.

ఐరన్ మాత్రలు రాశాను. చేపతో రక్తం పట్టదు, ఆ పని మాత్రలే చేయాలి. పాలు ఊరడానికి మాత్రం బిడ్డ చీకడాన్ని మించిన మందు లేదు. బిడ్డ చీకేకొద్దీ ప్రొలాక్టిన్ విడుదలవుతుంది, రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ మళ్ళీ పాలు తయారవుతాయి. రాత్రిళ్ళు బిడ్డను పక్కనే పడుకోబెట్టుకుని అడిగినప్పుడల్లా పట్టమన్నాను. చేప ముక్కలు ముందు కోడలి కంచంలో వెయ్యండమ్మా, సూపు అందరూ తాగండి అని అత్తగారికి చెప్పాను. పాలసొర పెట్టమంటారా అని ఆవిడ అడిగింది. సొరల్లో పాదరసం చేరుతుంది. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ పిల్లలూ సొర తినొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిస్తోంది. పాలసొర చిన్నదే అయినా, కొరమీను దొరికే ఊళ్ళో దాని జోలికి పోవడమెందుకన్నాను.

నీళ్ళలోకి నిజంగా దిగేవీ ఉన్నాయి. గౌట్‌ను పెంచే ప్యూరిన్లు దిగుతాయి, పొటాషియం దిగుతుంది. కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని గౌట్ రోగి ఒకాయన, "ముక్కలు మానేశానండీ, పులుసే పోసుకుంటున్నాను" అన్నాడు. ఆయనకు పనికొచ్చేది రెండు ఉడికిన ముక్కలు, మానాల్సింది పులుసు. మూత్రపిండాల జబ్బున్న వాళ్ళయితే ఆ పొటాషియం కారణంగా ఈ చిక్కటి సూపు జోలికి అసలు పోకూడదు.

ఇక చేప పిత్తం. చేప కోసేటప్పుడు ఆ పచ్చటి తిత్తి చిట్లకుండా తీసి పారేయడం మన ఆడవాళ్ళ చేతికి అలవాటైన పని. షుగరు తగ్గుతుందని ఎవరో చెబితే, భార్య తీసి పక్కన పెట్టిన శీలావతి పిత్తాన్ని ఒకాయన పచ్చిగా మింగేశాడు. కొన్ని గంటల్లోనే వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. మూడో రోజుకి మూత్రం ఆగిపోయి మా దగ్గరికి వచ్చాడు. ఆ పిత్తంలోని విషం కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది, ఉడికించినా పోదు. చైనాలోనూ మన దేశంలోనూ ఇలాంటి కేసులు వైద్య పత్రికలకు ఎక్కాయి. ఆయనకు డయాలసిస్ చేయించాం, కొన్ని వారాలకు మూత్రపిండాలు కోలుకున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా పిత్తం మింగారని తెలిస్తే, మనిషి బాగానే ఉన్నాడు కదా అని ఊరుకోకుండా అదే రోజు డయాలసిస్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏ చేపదో, ఎప్పుడు మింగాడో వాళ్ళకు ముందే చెప్పండి.