అబ్బా అంబాసిడర్, ఒక రబ్బరు ముక్క

ఖాలాను చిలమకూరు నుంచి ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోతా ఉంటే, పెన్న వంతెన మీద బండి ఆగిపోయింది. అబ్బా వదిలిపోయిన 1984 నాటి పెట్రోలు అంబాసిడర్. వెనక సీట్లో తస్బీ తిప్పుతానే ఖాలా "ఇంకెన్నాళ్లు పెట్టుకుంటావ్ బేటా దీన్ని?" అనింది. జవాబు లేదు నా దగ్గర. ఆమెను ఆటో ఎక్కించి, బండికి తాడు కట్టించి ఉస్తాద్ షెడ్డుకు లాగించినా.

ఉస్తాద్ బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ తీసి వాసన చూసినాడు. నా ముక్కు దగ్గర పెట్టినాడు. గుప్పున పెట్రోలు! నెలరోజులుగా ఆయిల్ తగ్గకపోగా గీత దాటుతా ఉంటే, నేను షుక్ర్ అనుకుంటా ఉన్నా. పంపు లోపలి డయాఫ్రం చిరిగి పెట్రోలు ఇంజను ఆయిల్లోకి దిగుతా ఉందంట. ఆయిల్ పలచబడితే బేరింగులు బర్బాద్. బయటికి కారి ఉంటే, వేడి ఇంజను పక్కన... అల్లా కాపాడినాడు.

ఇక పుర్జా కోసం తలాష్. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగింది 2014లో. ప్రొద్దుటూరు, కడప షాపుల్లో "ఎలక్ట్రిక్ పంపు వేసేయ్ భాయ్" అన్నారు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఇంజెక్షన్ బండ్ల పంపు తోసే జోరుకు కార్బురేటర్లోని సూది నిలవదు, పెట్రోలు పొంగిపోతుందని. సబర్ చేసినా. చెన్నై పుదుపేటలో దోస్త్ ఒకడు సీలు తీయని పంపు సంపాదించి పంపినాడు. ఈదు పండగంత ఖుషీ నాకు. ఉస్తాద్ డయాఫ్రం వంచి చూపించినాడు: సన్నటి పగుళ్లు. డబ్బాలో పడుకున్నా రబ్బరుకు ముసలితనం రాక మానదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ జమానా రబ్బరు దానికోసం చేసింది కాదు.

చివరికి ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు షీటు తెప్పించి, పాత డయాఫ్రం నమూనా పెట్టి కత్తిరించినాడు. పంపు రెండు ముక్కలూ విప్పకముందే గీత గీసుకున్నాడు, తిరిగి అదే జోడీలో కూర్చోవాలని. మరలు బిగించేటప్పుడు పంపు చెయ్యిని పూర్తిగా నొక్కి పట్టుకోమన్నాడు నన్ను. లేకుంటే రబ్బరు బిర్రుగా నిలిచి, మొదటి లాగుడుకే చిరుగుతుందంట. నా వేళ్లు తిమ్మిరెక్కినాయి. పెట్రోలు పైపులు, ఆయిల్ కూడా మార్చి సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది.

షీటుకు, పైపులకు, ఆయిల్‌కు పైసలు తీసుకున్నాడు. మెహనత్‌కు తీసుకోలేదు. బలవంతం చేస్తే చేతులు తుడుచుకుంటా అన్నాడు: "నా నికా బారాత్ పోయింది ఈ బండిలోనే. మీ అబ్బా పెట్రోలు ఖర్చు కూడా అడగలేదు."

అబ్బా ఎప్పుడూ చెప్పలేదు ఈ సంగతి.

ఇప్పుడు ప్రతి జుమ్మాకు, నమాజుకు బయల్దేరేముందు, వజూ చేయకముందే ఆ కడ్డీ తీసి వాసన చూస్తా. పోయిన వారం ఖాలా కూడా అడిగింది, "ఎలా ఉందిరా?" అని. ఆయిల్ వాసనే ఉంది.