అబ్బాజాన్ అత్తరు సీసా

వడ్డేపల్లిలోని మా ఇంట్లో శుక్రవారం వచ్చిందని సంపెంగ పరిమళమే తెలిపేది. అబ్బాజాన్ గుస్ల్ చేసి, ఉతికిన బట్టలు ధరించి, గూట్లోని చిన్న సీసా తీసేవారు. గాజుపుల్లతో ఒక్క చుక్క మణికట్టుకు రాసుకొని, మిగిలిన తడిని దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకునేవారు. పిల్లలమంతా వరుసగా చేతులు చాచేవాళ్లం. జుమా నాడు స్నానం చేసి, ఉన్న సుగంధం పూసుకొని మస్జిదుకు వెళ్లాలన్న దైవప్రవక్త (స) బోధను మేము ఆ చుక్కతోనే నేర్చుకున్నాము.

హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ఆయన పత్తర్‌గట్టిలో ఆ అత్తరు కొనేవారు. పూలను రాగి దేగ్‌లో నీటితో కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా చందన తైలమున్న పాత్రలోకి పంపుతారని, తైలం పూల వాసనను పట్టి ఉంచుతుందని వివరించేవారు. ఆల్కహాల్ కలవని ఆ తైలం ఒంటి వెచ్చదనానికి మెల్లగా విచ్చుకొని మగ్రిబ్ దాకా నిలిచేది.

ఆయన అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత సీసా గూట్లోనే ఉండిపోయింది. అమ్మీ ఇద్దత్‌లో కూర్చున్నారు. దివ్యఖుర్ఆన్ (అల్ బఖర: 234) నిర్ణయించిన నాలుగు నెలల పది రోజులూ ఆమె అలంకారానికీ, సుగంధానికీ దూరంగా ఉన్నారు.

గడువు ముగిసిన రోజున మా చెల్లి ఆ సీసాను అమ్మీ చేతికిచ్చింది. బంధువుల్లో ఒక పెద్దావిడ, "భర్త పోయినదానికి ఇక అత్తరు దేనికమ్మా?" అన్నారు. అమ్మీ సీసాను కింద పెట్టేశారు. భర్త పోయిన స్త్రీకి పూలూ పరిమళమూ బ్రతుకంతా దూరమన్న ఆచారం మా ఇళ్లలోకి ఎప్పుడు చొరబడిందో మాకే తెలియదు.

అప్పుడు మా అక్క ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఉమ్మె హబీబా (ర.అన్హా) వృత్తాంతం గుర్తు చేసింది. తండ్రి అబూ సుఫ్యాన్ (ర) మరణవార్త అందిన మూడవ రోజున ఆమె పసుపురంగు సుగంధ ద్రవ్యం తెప్పించి పూసుకున్నారు. తనకు దాని అవసరం లేకపోయినా, భర్త విషయంలో నాలుగు నెలల పది రోజులు, ఇతరుల విషయంలో మూడు రోజులు మించి విశ్వాసురాలు సంతాపం పాటించరాదన్న ప్రవక్త (స) ఆదేశాన్ని ఆచరించి చూపారు. సహీహ్ బుఖారీలో ఈ ఉల్లేఖనం ఉంది. కన్నీటికి ఎవరూ గడువు పెట్టలేరు. కానీ సంతాప నియమాలకు అల్లాహ్ హద్దు ఏర్పరచాడు. ఆ హద్దును పొడిగించే అధికారం మనకెక్కడిది?

అమ్మీ చాలాసేపు సీసా వైపు చూశారు. తరువాత బిస్మిల్లాహ్ అని ఒక చుక్క మణికట్టుకు రాసుకొని కళ్లు మూసుకున్నారు. ఇల్లంతా అబ్బాజాన్ వాసన. మేమంతా ఏడ్చాము. ఆ పెద్దావిడ కూడా కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

పరపురుషుల నడుమకు వెళ్లేటప్పుడు స్త్రీ పరిమళం పూసుకోరాదన్న నియమం అమ్మీకి తెలుసు. ఆమె అత్తరు ఇంటివరకే. ఇప్పుడు శుక్రవారం నాడు మనవలు ఆమె ముందు చేతులు చాస్తున్నారు.

ఎవరైనా సుగంధం ఇస్తే ప్రవక్త (స) కాదనేవారు కారని హజ్రత్ అనస్ (ర) తెలిపారు. మీ ఇంట్లో ఇద్దత్ ముగించుకున్న తల్లి గానీ, అక్క గానీ, కోడలు గానీ ఉంటే, ఒక అత్తరు సీసా మీరే ఆమె చేతికివ్వండి. ఆమె తానై అడగదు.