మూసల గోడ

జనవరి 6, ఉదయపూర్

జావర్‌కి నలభై కిలోమీటర్లు. డ్రైవర్ చెవులకు మఫ్లర్. అక్కడి పాత జింక్ గనులు చూపించమన్నాను. మార్బుల్ షోరూమ్ ముందు ఆపాడు.

జనవరి 7

పాత జావర్. కప్పులు పోయాయి, గోడలున్నాయి. గోడల్లో ఇటుకల్లేవు, మట్టి మూసలు. ఒకదానిమీద ఒకటి పేర్చేశారు. పొడుగు వంకాయ ఆకారం. పైన గాజులా కరిగిన పూత, లోపల బూడిద రంగు. జింక్ తీశాక పారేసినవి. ఒక్కసారి వాడితే ఇక పనికిరావు. పక్కన గుట్టంతా అవే. గుట్ట ఎక్కి మేక తుమ్మకొమ్మ అందుకుంటోంది.

అదే రాత్రి

907 డిగ్రీలకే జింక్ ఆవిరి. ఖనిజం నుంచి విడిపోవాలంటే అంతకంటే ఎక్కువ వేడి కావాలి. అంటే పుట్టడమే ఆవిరిగా. గాలి తగిలిందా, తెల్లబూడిద. పాత జావర్‌వాళ్లేం చేశారు? మూసను బోర్లించారు. మంట పైన, గొట్టం కింద. ఆవిరి కిందికి దిగి చల్లారి చుక్కలయ్యేది. కొలిమికి 36 మూసలు.

బోర్లిస్తే లోపలి సరుకు జారిపోదూ? మధ్యలో పుల్ల గుచ్చేవారు. పుల్ల కాలిపోతే ఆవిరికి దారి. ఆ పుల్ల ఎవడికి తట్టిందో, వాడి శాసనం ఎక్కడా లేదు.

పాత రసశాస్త్ర గ్రంథం రసరత్న సముచ్చయం కూడా ఈ మూసను వంకాయతోనే పోల్చింది. కూరల బజారు బుద్ధి నా ఒక్కడిదే కాదు.

జనవరి 8, జావర్ మాల

ఇక్కడి పాత గని తవ్వింది మందుగుండు లేని కాలంలో. బండకు ఆనించి మంట వేసేవారు. వేడికి రాయి బీటలిచ్చాక ఉలి. గని లోపల దొరికిన కలప వయసు రెండు వేల ఏళ్ల పైమాటే.

లోపలికి వద్దన్నాడు గార్డు. పాములన్నాడు. కాసేపటికి గబ్బిలాలన్నాడు. టీ ఇప్పించాక ఏమీ లేవన్నాడు. అయినా వెళ్లనివ్వలేదు.

జనవరి 9

రాజస్థాన్ చరిత్ర రాసిన టాడ్ దొర జావర్ గనులను తగరం గనులని రాశాడు. బ్రిస్టల్‌లో విలియం ఛాంపియన్ 1738లో జింక్ తీసే పద్ధతికి పేటెంట్ పుచ్చుకున్నాడు. ఆయనా జావర్‌వాళ్లలాగే ఆవిరిని కిందికే దించాడు.

జనవరి 10, రైల్లో

ఎదుటి బెర్తు పెద్దాయనది విశాఖ. మింది జింక్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారట. 1977లో మొదలైనప్పుడే చేరారట.

"జావర్‌లో ఏం చూశావు బాబూ?"

"గోడలండి."

"గోడలకి ఇంత దూరమా!" అని జంతికల డబ్బా తీశారు.

జావర్‌లో ఇప్పటికీ తవ్వుతున్నారు. కరిగించడం మాత్రం వేరే చోట.